నాటిక పోటీల వెబ్‌సైటు: చూసినవాళ్ళను కుర్చీ దాకా తేవాలంటే

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. 2026 జనవరి 23, 24, 25 తేదీల్లో మీ ఊళ్ళో నాటిక పోటీలు. రోజుకు మూడు చొప్పున తొమ్మిది నాటికలు, ప్రవేశం ఉచితం. కిందటేడు వెయ్యి కుర్చీలు వేస్తే మూడొందలు కూడా నిండలేదు. ఈసారి వెబ్‌సైటు పెడితే జనం వస్తారని కమిటీ ఆశ. డిజైనర్ ఒకాయన నమూనా చూపించి 40 వేలు అడిగాడు. తెరవగానే వీడియో, దాని కింద వరసగా జరిగే అతిథుల ఫోటోలు, ఆ కింద రోజులూ గంటలూ సెకన్లూ లెక్కపెట్టే గడియారం. ఇది బాగుందా, ఇంకేమైనా పెట్టించాలా అని అడిగారు.

పద్నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే. పుస్తక ప్రదర్శనలు, పరుగు పందేలు, కాలేజీ ఉత్సవాలు, పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు, నాలుగు పరిషత్తులు, అంటే నాటక సంస్థలు, నడిపే పోటీలు, వీటన్నిటికీ సైట్లు చేశాను. అందుకే సూటిగా చెబుతున్నాను, ఆ నమూనాకు ఒప్పుకోకండి. అందులో కమిటీకి నచ్చేవన్నీ ఉన్నాయి గానీ, పక్క ఊరి నుంచి మీ వేదిక దాకా రావాల్సిన మనిషికి కావలసింది ఒక్కటీ కనపడదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలైనప్పుడు ప్రచారం అంటే కరపత్రం, గోడ పోస్టరు, మనిషి నోటిమాట. ఇప్పుడు ఆ మూడూ కలిసి వాట్సాప్‌లో ఒక లింకుగా తిరుగుతున్నాయి. ఆ లింకు నొక్కినప్పుడు ఏం కనపడుతుంది అన్నదే మీ అసలు ప్రశ్న.

సైటు తెరిచే మనిషి ఎవరో ముందు మనసులో పెట్టుకోండి. మీ పరిషత్తు పేరు గూగుల్లో వెతుక్కుని వచ్చేవాళ్ళు తక్కువ. చాలామంది బావమరిదో, పాత హెడ్మాస్టరో పంపిన లింకు నొక్కి వస్తారు. చేతిలో ఫోను ఉంటుంది. బస్సులోనో, కొట్టులోనో, భోజనమయ్యాక మంచం మీదనో ఉంటారు. వేలితో పేజీని ఒక్కసారి కూడా జరపకముందే వాళ్ళకు ఐదు సంగతులు తెలిసిపోవాలి: ఏం జరుగుతోంది, ఏ రోజుల్లో, ఎన్నింటికి, ఎక్కడ, టికెట్టు ఉందా లేదా. ఇవి పెద్ద అక్షరాలతో, మామూలు తెలుగులో రాయించండి. ‘జనవరి 23, 24, 25. శుక్ర, శని, ఆదివారాలు. సాయంత్రం 6.30కి మొదలు. ప్రవేశం ఉచితం.’ వారం పేరు తప్పనిసరిగా ఉండాలి. జనం తేదీని గుర్తుపెట్టుకోరు, వారాన్ని గుర్తుపెట్టుకుంటారు. తేదీని అంకెలతో గీతలు పెట్టి రాయకండి. ఒక పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి నేనే 07/06 అని రాస్తే, అమెరికా నుంచి వచ్చేవాళ్ళు దాన్ని జులై 6 అనుకున్నారు. జూన్ 7కి రావాల్సిన ఒక కుటుంబం టికెట్లు మార్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి నెల పేరు అక్షరాల్లో రాయకుండా ఏ పేజీ బయటికి పంపలేదు.

మీ తేదీల్లో ఒక మంచి అవకాశం ఉంది, దాన్ని వదులుకోకండి. 26 సోమవారం, గణతంత్ర దినోత్సవం సెలవు. అంటే ఆదివారం రాత్రి నాటిక ఆలస్యమైనా పిల్లలకు మర్నాడు బడి లేదు, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు తీరిగ్గా సోమవారం వెళ్ళొచ్చు. ఈ ముక్క పేజీలో పైనే రాయండి. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు వెళ్ళేలోపే లింకు వాళ్ళ చేతికి అందాలి. అందుకే జనవరి 10 నాటికి సైటు సిద్ధంగా ఉండాలి.

మొదలయ్యే సమయం అందరూ రాస్తారు. అయిపోయే సమయం ఎవరూ రాయరు. నా అనుభవంలో జనం రాకపోవడానికి ఇది పెద్ద కారణం, ఎవరూ పైకి చెప్పని కారణం కూడా. ఒక పరిషత్తుకు పని చేస్తున్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో పదిమంది ఆడవాళ్ళను అడిగాను, నాటకాలంటే ఇష్టమేగా, ఎందుకు రారు అని. దాదాపు అందరూ ఒకటే అన్నారు: రాత్రి ఎన్నింటికి వదిలేస్తారో తెలియదు, ఆఖరి బస్సు దొరుకుతుందో లేదో తెలియదు, అక్కడ ఆడవాళ్ళకు బాత్‌రూమ్ ఉందో లేదో తెలియదు. తరువాతి ఏడాది పేజీలో ఈ మూడింటికీ మూడు వాక్యాల్లో జవాబు రాశాం. కమిటీ డిపో మేనేజరుతో మాట్లాడి రాత్రి బస్సు ఒకటి అరగంట ఆపించింది. ముందు వరసల్లో ఆడవాళ్ళు కూర్చోవడం ఆ ఏడాదే చూశాను. అంటే వెబ్‌సైటు రాయడం మొదలుపెడితే ఏర్పాట్లలో ఉన్న లోపాలు కూడా బయటపడతాయి. ‘రాత్రి 10.15కి ముగుస్తుంది’ అని రాయాలంటే ఉపన్యాసాలకు ఎంతసేపు ఇస్తున్నారో ముందు మీరు తేల్చుకోవాలి.

చోటు గురించి. కల్యాణ మండపం పేరు రాసి వదిలేస్తే సరిపోదు. మ్యాపులో గుర్తు పెట్టేటప్పుడు భవనం మధ్యలో కాక జనం లోపలికి వచ్చే గేటు దగ్గర పెట్టించండి. భవనం మీద పెడితే మ్యాపు కొన్నిసార్లు వెనక వీధికి తీసుకుపోతుంది. దాని పక్కనే మనుషులు చెప్పుకునే పద్ధతిలో దారి కూడా రాయండి: బస్టాండులో దిగితే ఎటు, ఎంత దూరం, ఆటోవాడికి ఏం చెప్పాలి, బండి ఎక్కడ పెట్టాలి. నెట్ అందని చోట మ్యాపు తెరుచుకోదు, ఈ నాలుగు వాక్యాలు తెరుచుకుంటాయి.

ఇక గడియారం సంగతి. ‘ఇంకా 19 రోజుల 6 గంటలు’ అని చూపిస్తే చూసేవాళ్ళే లెక్కేసుకుని తేదీ తెలుసుకోవాలి. దాన్ని తీసేసి, ఆ చోట ఫోను క్యాలెండర్‌లో తేదీని చేర్చే బటన్ పెట్టించండి. అది నొక్కితే రోజు, సమయం, చోటు ఫోనులో చేరతాయి, ముందురోజు అదే గుర్తుచేస్తుంది. వీడియో కూడా తీసెయ్యండి. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనపడాలని గూగుల్ పెట్టుకున్న కొలత. పల్లెలో సిగ్నల్ ఒక గీత మీద ఉన్నప్పుడు వీడియోతో అది జరిగే పని కాదు. దాని బదులు కిందటేటి ఫోటో ఒక్కటి చాలు. వేదిక మీద దీపాల వెలుగులో నటులు, ముందు జనం తలలు కనపడే ఫోటో. ఎర్ర తెర ఉన్న ఫోటో నెట్‌లో కొని పెట్టొద్దు, అది మీ ఊరిది కాదని చూసిన వెంటనే తెలిసిపోతుంది.

అతిథుల ఫోటోల దగ్గర మీకు గొడవ వస్తుంది. ప్రతి కమిటీలోనూ వస్తుంది. ఫ్లెక్సీ మీద ఉన్న వరసలోనే సైటు మీద కూడా ఫోటోలు ఉండాలని పట్టుబడతారు. మీరు వాళ్ళతో వాదించొద్దు, వాళ్ళకు ఇంకా మంచిది ఇవ్వండి. ఆ అతిథుల్లో దాతలూ ఉంటారు. వాళ్ళు డబ్బు పెట్టినవాళ్ళు, వాళ్ళకు గౌరవం దక్కాలి, అందులో రెండో మాట లేదు. అయితే మొదటి పేజీలో పద్నాలుగు చిన్న ఫోటోల మధ్య ఒకటిగా ఉండటం కంటే, ఒక్కో దాతకు ఒక్కో పేజీ ఉండటం ఎక్కువ గౌరవం. ఆయన ఫోటో పెద్దగా, ఎవరి జ్ఞాపకార్థం ఇస్తున్నారో, ఏ బహుమతి ఇస్తున్నారో రాసి, కింద పోటీల తేదీలు పెట్టండి. ఆ పేజీ లింకు ఆయనకే పంపండి. ‘మా నాన్నగారి పేరున ఉత్తమ నటుడి బహుమతి ఇస్తున్నాం’ అని ఆయన తన చుట్టాలందరికీ పంపుకుంటాడు. మీ ప్రచారం కూడా దాంతోపాటే వెళ్తుంది. మొదటి పేజీలో ‘దాతలు’ అని ఒక లింకు ఉంటే సరిపోతుంది.

ఇదే పద్ధతి నాటికలకు కూడా పెట్టండి. ఈ జవాబులో నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. వెబ్‌సైటు తనంతట తాను ఎవరినీ తీసుకురాదు. అందులో తమ పేరున్న మనుషులు తీసుకొస్తారు. మీకు తొమ్మిది నాటికలు. ఒక్కో సమాజంలో, అంటే నాటిక ఆడే బృందంలో, నటులు, దర్శకుడు, రచయిత, మేకప్, లైటింగు, సంగీతం, రంగాలంకరణ కలిపి పన్నెండు మంది అనుకున్నా నూటెనిమిది మంది. డిజైనర్ మీకు చూపించిన నమూనాలో వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. కార్యక్రమ వివరాలు ఒక పట్టికలో నాటిక పేరు, సమాజం పేరుతో ముగిసిపోయాయి. అలా కాక ప్రతి నాటికకూ ఒక పేజీ చేయించండి. నాటిక పేరు, సమాజం, ఊరు, రచయిత, దర్శకుడు, ప్రదర్శన రోజు, సమయం, రిహార్సల్లో తీసిన ఒక ఫోటో, పాత్రధారులందరి పేర్లు, సాంకేతిక సిబ్బంది పేర్లు కూడా. కథ ముగింపు చెప్పకుండా రెండు వాక్యాలు. పిల్లలతో చూడొచ్చో లేదో ఒక ముక్క.

ఈ పేజీ తయారైన రోజు ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. పగలు బ్యాంకులోనో, బడిలోనో, కరెంటాఫీసులోనో పనిచేసి రాత్రి రిహార్సల్ చేసే మనుషులు వీళ్ళు. తన పేరు, తన పాత్ర పేరు ఉన్న లింకు చేతికి అందితే ఆ మనిషి దాన్ని తన ఆఫీసు గ్రూపులో, అపార్ట్‌మెంటు గ్రూపులో, అత్తగారి వైపు గ్రూపులో పెడతాడు. మీరు ప్రకటనలకు లక్ష ఖర్చు పెట్టినా చేరలేని చోట్లు అవి. ఒక పోటీకి మేం ఇలా చేస్తే మొదటి పేజీ కంటే నాటికల పేజీలే ఎక్కువమంది తెరిచారు. అందులోనూ అన్నిటికంటే ఎక్కువ తెరిచింది, కథానాయకుడి పేరున్న పేజీ కాదు, పన్నెండేళ్ళ అమ్మాయి ముఖ్యపాత్ర వేసిన నాటికది. ఆ అమ్మాయి బడి మొత్తం వచ్చింది.

లింకు వాట్సాప్‌లో పెట్టినప్పుడు దానితోపాటు వచ్చే చిన్న బొమ్మ, రెండు వరసల మాటలు చాలా ముఖ్యం. వాటిని నిర్ణయించేవి పేజీ లోపల కనపడకుండా ఉండే ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు. అవి పెట్టకపోతే ఉత్త లింకు కనపడుతుంది, లేదా పేజీలో దొరికిన ఏదో బొమ్మ వస్తుంది. బొమ్మ 1200 పిక్సెళ్ళ వెడల్పు, 630 ఎత్తు ఉండాలి. సైజు 300 కేబీ లోపు ఉంచండి, బరువైతే వాట్సాప్ కొన్నిసార్లు బొమ్మ చూపించదు. బొమ్మ మీద నాటిక పేరు, తేదీ తప్ప ఇంకేం రాయొద్దు, ఫోనులో అది అగ్గిపెట్టె అంత కనపడుతుంది. ప్రతి నాటిక పేజీకి దాని బొమ్మే రావాలి, తొమ్మిదింటికీ ఒకే లోగో వస్తే పడ్డ శ్రమంతా వృథా. ఇంకొకటి, లింకులో తెలుగు అక్షరాలు పెట్టించకండి. బ్రౌజర్లో అందంగానే కనపడతాయి, కాపీ చేసి పంపితే చాలా చోట్ల శాతం గుర్తులూ అంకెలూ కలిసిన పొడవాటి తోకలా మారిపోతుంది. అది చూసి జనం ఏదో మోసం లింకు అనుకుని భయపడతారు. లింకు ఇంగ్లిషు అక్షరాల్లో చిన్నగా, పేజీ అంతా తెలుగులో ఉండటం మంచిది.

తెలుగు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ సైట్లు పాడయ్యేది ఇక్కడే. మీ ఆహ్వాన పత్రిక ప్రెస్సులో అను ఫాంట్లతో తయారై ఉంటుంది. అవి యూనికోడ్, అంటే ఏ ఫోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి, కావు. ఆ ఫైలు నుంచి కాపీ చేసి సైటులో పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. దాంతో డిజైనర్ ఏం చేస్తాడంటే, ఆహ్వాన పత్రికను బొమ్మగా మార్చి అలాగే పెట్టేస్తాడు. కాగితం మీద చక్కగా ఉన్న అక్షరాలు ఫోను తెర మీద చీమల్లా అయిపోతాయి. చూపు తగ్గిన పెద్దవాళ్ళు చదవలేరు, చూపు లేనివాళ్ళకు చదివి వినిపించే సాఫ్ట్‌వేరు చదవలేదు, అందులోంచి ఫోను నంబరు నొక్కి కాల్ చేయడానికి లేదు. కాబట్టి ప్రతి అక్షరం యూనికోడ్‌లో టైపు చేయించండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే పనిముట్లు ఉన్నాయి గానీ, మార్చాక వత్తులు, అరసున్నలు, అంకెలు ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. మనుషుల పేర్లలో తప్పు దొర్లితే మాత్రం క్షమించరు. ప్రతి సమాజానికీ వాళ్ళ పేజీ ముందే పంపి, పేర్లు సరిగా ఉన్నాయని వాళ్ళ చేత అనిపించుకున్నాకే బయట పెట్టండి.

ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. గూగుల్ ఫాంట్లలో నోటో సాన్స్ తెలుగు, మండలి చదువుకునే భాగానికి బాగుంటాయి. రామభద్ర లావుగా, నిండుగా ఉంటుంది, శీర్షికకు మాత్రమే వాడండి. రెండు ఫాంట్లకు మించి వద్దు. ఇంగ్లిషు కోసం చేసిన డిజైన్లలో వరసల మధ్య ఖాళీ తక్కువ ఉంటుంది. మనకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి అదే కొలత పెడితే పై వరస వత్తు కింది వరస గుడిని తాకుతుంది. వరస ఎత్తు అక్షరం సైజుకు 1.7 రెట్లు, అక్షరం సైజు 18 పిక్సెళ్ళకు తగ్గకుండా పెట్టమనండి. అక్షరాల మధ్య ఎడం పెంచడం, పక్కకు వాల్చడం తెలుగుకు అందంగా ఉండవు. పసుపు మీద తెలుపు, ఎరుపు మీద నీలం లాంటివి ఫ్లెక్సీ అలవాటు. తెర మీద అక్షరానికీ వెనక రంగుకూ కనీసం 4.5 రెట్ల వెలుగు తేడా ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. అది కొలిచే ఉచిత సైట్లు ఉన్నాయి, డిజైనర్‌ను చూపించమనండి.

పోటీలో పాల్గొనే సమాజాల కోసం వేరే పేజీ ఉండాలి. ప్రేక్షకులకు అక్కర్లేని వివరాలన్నీ వాళ్ళకు కావాలి: నాటిక నిడివి ఎంత, సమయం మించితే ఏమవుతుంది, వేదిక వెడల్పు, లోతు, లైట్లు ఎన్ని, మైకులు ఏ రకం, సెట్టు దించుకోవడానికి లారీ ఎక్కడిదాకా వస్తుంది, మేకప్ గది, బస, భోజనం, పారితోషికం ఎప్పుడు ఇస్తారు, పోటీకి నాటికలను ఎంచే ప్రాథమిక పరిశీలన ఎలా జరుగుతుంది, రచయిత అనుమతి పత్రం కావాలా. మీకు ఇప్పటికే ప్రవేశాలు ముగిశాయి కాబట్టి ఈ ఏడాదికి వేదిక వివరాలు చాలు. వచ్చే ఏడాదికి నియమాలతో కూడిన దరఖాస్తు పెట్టండి. రోజుకు ఇరవై ఫోన్లు తగ్గుతాయి.

సైటు నడిపే ఖర్చు గురించి భయపడొద్దు. మీది ఉన్న సమాచారం చూపించే సైటు, లెక్కలు చేసే సైటు కాదు. మామూలు స్థిరమైన పేజీలుగా చేయించి క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, నెట్లిఫై, గిట్‌హబ్ పేజెస్ లాంటి, సైట్లను నెట్‌లో ఉంచే సేవల్లో పెడితే ఉచిత పథకంలోనే నడుస్తుంది. ముప్పై ప్లగిన్లు (అదనపు హంగులు చేర్చే చిన్న ప్రోగ్రాములు) పెట్టి, చవక హోస్టింగులో నడిపే సైటు మాత్రం, లింకు బాగా తిరిగిన సాయంత్రమే పడిపోతుంది. అంటే మీకు అవసరమైన రోజే ఉండదు. సైటు పేరుకు ఏటా వెయ్యి రూపాయలు అటూఇటూ, మిగతాది డిజైనర్ శ్రమకు. ఈ పేజీలన్నీ, తెలుగు టైపింగు, దిద్దుబాట్లు కలిపి ఆయనకు గౌరవంగా ఇవ్వండి, బేరమాడి నాణ్యత తగ్గించుకోవద్దు. వీడియో, గడియారం డబ్బు మాత్రం మిగుల్చుకోండి.

గూగుల్‌కు ఇది ఒక కార్యక్రమం అని విడిగా చెప్పే పద్ధతి ఉంది. స్కీమా అంటారు. కార్యక్రమం పేరు, మొదలయ్యే సమయం, చోటు అందులో తప్పనిసరి. సమయం రాసేటప్పుడు ప్రపంచ ప్రామాణిక సమయానికీ మన కాలమానానికీ ఉన్న ఐదున్నర గంటల తేడా కూడా రాయాలి, లేకపోతే వేరే వేళ చూపించే ప్రమాదం ఉంది. ఇది పది నిమిషాల పని, డిజైనర్‌కు తెలిసే ఉంటుంది.

వాయిదా పడితే ఏం చేయాలన్నది ఎవరూ ముందు ఆలోచించరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారంలో ఆరుబయట జరగాల్సిన ఒక కార్యక్రమానికి నేను సైటు చేసి ఉన్నాను. కమిటీ వాయిదా వేసింది, వాట్సాప్‌లో చెప్పింది, సైటు మీద మార్చమని నాకు చెప్పడం ఆ హడావిడిలో మరిచిపోయింది. నేనూ అడగలేదు. రెండు కార్లలో జనం వానలో వచ్చి తాళం చూసి వెళ్ళారు. అందుకే ఇప్పుడు ప్రతి సైటులోనూ అన్నిటికంటే పైన ఒక వరస ఉంచుతాను: ‘ఈ రోజు సమాచారం’, పక్కనే అది రాసిన తేదీ, సమయం. దాన్ని కమిటీలో ఇద్దరు తమ ఫోను నుంచే, నా అవసరం లేకుండా మార్చగలగాలి. గూగుల్ షీటులో ఒక గడి మారిస్తే సైటులో మారేలా చేయడం కష్టమేమీ కాదు. పోటీలు జరిగే మూడు రోజులూ ఆ వరసలో ‘రెండో నాటిక 8.10కి మొదలవుతుంది’ లాంటివి రాస్తూ ఉండండి. ఇంట్లో వంట ముగించుకుని ఒక్క నాటికకైనా వద్దామనుకునే వాళ్ళకు అది ఎంత ఉపయోగమో చెప్పలేను.

యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం ఇస్తామన్నారు. మంచిదే, దూరాన ఉన్న మీ ఊరివాళ్ళు చూస్తారు. జనవరిలో మన సాయంత్రం 6.30 అంటే న్యూయార్కులో ఉదయం 8 గంటలు, ఆ సమయం కూడా పేజీలో రాయండి. అయితే ప్రసారానికి రచయిత, సమాజం ఒప్పుకున్నట్టు ముందే రాయించుకోండి. నాటికలో సినిమా పాట నేపథ్యంగా వాడితే యూట్యూబ్ హక్కుల అభ్యంతరంతో ఆ వీడియో ఆగిపోవచ్చు, ఆ సంగతి సమాజాలకు ముందే చెప్పండి.

డబ్బు, ఫోను నంబర్ల విషయంలో జాగ్రత్త. విరాళాల కోసం యూపీఐ కోడ్ పెడితే దాని పక్కన ఖాతా ఎవరి పేరున ఉందో రాయండి, డబ్బు పంపేటప్పుడు ఫోనులో అదే పేరు కనపడాలి. కమిటీ ఖాతాదే వాడండి, కోశాధికారి సొంత నంబరు వద్దు. నటుల ఫోను నంబర్లు సైటులో పెట్టకండి. సీటు నమోదు అడిగితే పేరు, ఊరు, ఎంతమంది, ఈ మూడే అడగండి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, సేకరించిన ప్రతి నంబరుకూ మీరు జవాబుదారీ. అక్కర్లేనిది సేకరించకపోతే ఆ బాధ్యతే ఉండదు.

సైటు పేరు కొనేటప్పుడు అందులో 2026 అని పెట్టకండి. పరిషత్తు పేరే కొని, దాని కింద ఏడాదికో విభాగం చేయించండి. కొనుగోలు కమిటీ మెయిల్‌తో, కమిటీ పేరునే జరగాలి. ఇది బాధతో చెబుతున్నాను. నేను పనిచేసిన ఒక పరిషత్తు సైటు పేరు అప్పటి కార్యదర్శి సొంత మెయిల్‌తో కొన్నారు. ఆయన కాలం చేశాక గడువు గుర్తుచేసే మెయిళ్ళు ఎవరూ చూడలేదు. పేరు పోయింది, ఎవరో కొనుక్కుని డబ్బు పందేల సైటు పెట్టారు. ఎనిమిదేళ్ళ విజేతల జాబితాలు, న్యాయనిర్ణేతల మాటలు, ఇప్పుడు లేని నటుల ఫోటోలు అందులో ఉన్నాయి. కొన్ని నా పాత హార్డ్‌డిస్కులో దొరికాయి, చాలావరకు దొరకలేదు. నాటకం ఆడిన రాత్రితోనే అయిపోతుంది, దాని గుర్తులు మిగిలేది ఇలాంటి పేజీల్లోనే. పోటీలు అయిన వారంలోపు ఫలితాలు, ఫోటోలు అవే నాటిక పేజీల్లో చేర్చండి, పేజీలు తీసెయ్యకండి. మరుసటి ఏడాది సమాజాలు మీ పోటీ ఎలాంటిదో చూసేది అక్కడే.

చివరగా పోస్టరు మీద క్యూఆర్ కోడ్. ఉచితంగా ఇచ్చే కొన్ని సైట్లు కోడ్‌ను తమ లింకు మీదుగా తిప్పుతాయి, కొన్నాళ్ళకు డబ్బు కట్టమని ఆపేస్తాయి. నేరుగా మీ సైటు లింకునే కోడ్‌గా మార్పించండి. చుట్టూ తెల్ల ఖాళీ ఉంచమని ప్రెస్సుకు చెప్పండి, అంచుదాకా రంగు నింపితే ఫోను చదవదు. పోస్టరుకు ఒక లింకు, వాట్సాప్‌కు ఒక లింకు విడిగా పెడితే ఎక్కడి నుంచి ఎందరు వచ్చారో తెలుస్తుంది.

అచ్చుకు పంపే ముందు ఒక పని చేయండి. నమూనా పోస్టరు ఒకటి గోడకు అతికించి, కమిటీతో సంబంధం లేని ఐదుగురిని పిలవండి. టీ కొట్టాయన, ఇంటర్ చదివే అమ్మాయి, అరవై దాటిన పెద్దాయన, పక్క ఊరి నుంచి కూరగాయలు తెచ్చే ఆవిడ, ఎవరైనా ఒక ఆటో డ్రైవరు. వాళ్ళ ఫోన్లతోనే కోడ్ తెరవమనండి. శనివారం మొదటి నాటిక ఏది, ఎన్నింటికి, రాత్రి ఇంటికి ఎలా వెళ్తారు అని అడగండి. మీరు పక్కన నిలబడి సాయం చేయకండి, వేలు ఎక్కడ ఆగుతోందో చూసి రాసుకోండి. ఐదుగురూ సరిగ్గా చెప్పినప్పుడు పోస్టరు అచ్చుకు పంపండి. ఆ నమూనా లింకు ఇక్కడ పెడితే నేనూ నా ఫోనులో తెరిచి చూసి చెబుతాను.